రెండో మేకు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఇల్లందు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయన పోయిండు బిడ్డా. చాయ్ తాగి, కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అంది. వినగానే, ఆయనకు నేను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది.

పెద్దనాయన బొగ్గు గనిలో దిగి పనిచేసిన మనిషి. చదువు ఏడో తరగతే. ఇంట్లో ఉన్నది ఒక్కటే నవల, ఏదో పరాయి దేశపు యుద్ధం గురించి, తెలుగులోకి వచ్చిన పాత పుస్తకం. షిఫ్టు దిగొచ్చి, స్నానం చేసి, వేలు తడి చేసుకుంటూ చదివేవాడు. పక్కన కూర్చుంటే నాకూ వినిపించేవాడు. ఈరోజు నాలుగు ముక్కలు రాసి బతుకుతున్నానంటే ఆయన పుణ్యమే. ఆ నవలనే సినిమాగా రాసే పని నాకు దొరికినప్పుడు మొదట ఆయనకే చదివి వినిపించాను.

ఓపిగ్గా విన్నాడు. చివర్లో బాంబులు, మంటలు, శవాల గుట్టలు రాసుకున్నాను.

"గిన్ని శవాలెందుకు బిడ్డా? మా బొగ్గుబాయి మీద ల్యాంపులు కొక్కేలకు పెడతరు. దిగేటప్పుడు తీసుకుంటం, ఎక్కినంక మళ్ల తగిలిస్తం. షిఫ్టు అయినంక ఎవని కొక్కెం ఖాళీగుంటే వాడు ఇంకా లోపల్నే ఉన్నట్టు. అది చూస్తే ఇంటికి పోబుద్ధి గాక ఆడనే నిలబడేటోళ్లం" అన్నాడు.

సైనికుల లాంతర్లకు కొక్కేలు పెట్టి ఆఖరి సీను తిరగరాశాను. పినపాక అడవిలో తీశాం కూడా. నిర్మాత చూసి, "జనం కొక్కేలు చూడ్డానికొస్తారా?" అన్నాడు. ఎడిటింగులో ఎగిరిపోయింది. తర్వాతి సినిమా చేజారుతుందేమోనని నేను నోరు మెదపలేదు. సిగ్గుగానే చెబుతున్నాను.

సినిమా ఇంకా విడుదల కాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా పెద్దనాయనది ఒకటే ప్రశ్న. "కొక్కేలు ఉన్నయా?"

"అవ్ పెద్దనాయనా, ఉన్నయ్."

దినాలకు వెళ్లాను. తలుపు పక్క గోడకు రెండు మేకులున్నాయి. ఒకదానికి ఆయన చొక్కా. రెండోదానికి ఎవరేం తగిలించినా తీసి మంచం మీద పడేసేవాడు. చాదస్తమని నవ్వుకునేవాళ్లం. ఎందుకట్లా చేసేవాడని పెద్దమ్మను ఇన్నేళ్లకు అడిగాను.

"ఆయనతోటి జోడీగా పనిచేసినోడు ఒకడు బాయిల దిగి మళ్ల ఎక్కలే బిడ్డా. గా మేకు వానిదనేటోడు" అంది.

బయటికొచ్చి నిర్మాతకు ఫోన్ చేశాను. ఆ సీను పెట్టకపోతే సినిమాలో నా పేరు తీసెయ్యమన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఇది రాసే వేళకి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

నేను లోపలికి వచ్చేసరికి పెద్దమ్మ ఆయన బట్టలన్నీ మూట కట్టింది. గోడకు రెండు మేకులూ ఖాళీగా ఉన్నాయి.