అన్న చేతికి కొలిచి చేసిన కరెంటు గిటార్

మా అన్న రాఘవులు మళ్లీ ఏదో ఒకటి వాయించాలన్న కోరికతోనే నేను హైదరాబాదు ప్రయాణం పెట్టుకున్నాను. అవి రెండో ప్రపంచయుద్ధం సాగుతున్న రోజులు. మిల్లులో పనిచేస్తుండగా అన్న ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు యంత్రంలో పడి తెగిపోయాయి. అంతకుముందు మా వాడలో పెళ్లికైనా భజనకైనా ఆయన ఫిడేలు ఉండాల్సిందే. ఆ తర్వాత ఫిడేలు ఎవరికో ఇచ్చేశాడు.

నేను హనుమకొండలో ఆడపిల్లల బడి పంతులమ్మను. విలాయతీ పత్రికల్లో కరెంటు గిటార్ల బొమ్మలు కనబడితే కత్తిరించి దాచుకునే పిచ్చి నాకుండేది. ఒడిలో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే రకం అవి. ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కే పని లేదు. అన్నకు ఇదే తగినదని నాకు తోచింది. యుద్ధం వల్ల విలాయతీ సరుకు రావడం ఆగిపోయింది గానీ, ఆబిడ్స్‌లో రేడియోలు బాగుచేసే విఠల్‌రావు ఎవరికి కావలసినట్టు వాళ్లకు గిటార్లు చేసిస్తాడని తెలిసింది.

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కాం. జనగామలో ఎక్కిన ఒక రైతు మా ఎదుట కూర్చుని సద్దిమూట విప్పుతూ, "ఏడికి వోతున్రు?" అని అడిగాడు.

"నాంపల్లికి. కరెంటుతోటి మోగే గిటార్ చేయించుకుందామని," అన్నాను.

"కరెంటు దీపం చూసిన గని, కరెంటు పాట ఇంతవరకు ఇనలే," అని నవ్వి, మా ఇద్దరికీ చెరో జొన్నరొట్టె పెట్టాడు.

అన్న మాత్రం నవ్వలేదు. భువనగిరి దాటాక నెమ్మదిగా అన్నాడు: "నీ మాట తీసెయ్యలేక వస్తున్న చెల్లె. గిది గూడ కాకపోతే మళ్ల నా ముంగట పాట మాట ఎత్తొద్దు."

మధ్యాహ్నానికి నాంపల్లిలో దిగాం. స్టేషను ఎదుటి సత్రంలో గది దొరికింది. వెళ్లేవాళ్లు వెనకవైపు గది అడగడం మంచిది, ముందువైపు టాంగాల చప్పుడు ఎక్కువ. భోజనం చేసి ఆబిడ్స్‌కు నడిచే వెళ్లాం.

విఠల్‌రావు దుకాణంలో అడుగుపెట్టగానే నా కాళ్లు ఆగిపోయాయి. బొమ్మల్లో చూసినవి కాదు, బొమ్మల్లో కూడా చూడనివి గోడకు వేలాడుతున్నాయి. ఒకటి మొత్తం అల్యూమినియం, పొడుగు కాడ ఉన్న రొట్టెల పెనంలా ఉంది. ఇంకొకటి ఆదిలాబాదు టేకు, దానికి పక్కపక్కనే రెండు మెడలు, రెండు వరుసల తీగలు. మరొకటి ఎడమచేతి వాటం మనిషి కోసం తిరగేసి చేసినది. పాత టెలిఫోన్లలోని అయస్కాంతాలకు వెంట్రుకలాంటి రాగితీగ చుట్టి, తీగల కింద అమర్చాడట. తీగల శబ్దం రేడియో గొంతులోంచి బయటికి వస్తుంది.

విఠల్‌రావు బక్కపలచని మనిషి, మాటలో మాత్రం తగ్గడు. "గిట్లాంటియి ఈ పట్నంల ఇంకెవరి తాన దొరకయి అమ్మా," అన్నాడు. తర్వాత అన్నవైపు తిరిగి, "ఏది తమ్మీ, చెయ్యి ఇటు వెట్టు. గిటార్ చెయ్యి కాడికి రావాలె. చెయ్యి గిటార్ కాడికి పోవుడేంది?" అంటూ కాగితం మీద అన్న అరచేతి ఆకారం గీసుకున్నాడు.

వారం రోజులు అక్కడే ఉన్నాం. మొజంజాహీ మార్కెట్‌లో పండ్లు కొనుక్కుని తింటూ, నాంపల్లి, ఆబిడ్స్ వీధులన్నీ తిరిగాం.

గిటార్ సిద్ధమైంది. నున్నగా మెరిసే టేకు చెక్క, తీగల మధ్య మామూలు కంటే ఎక్కువ ఎడం, కడ్డీ జారిపోకుండా అరచేతికి తోలుపట్టీ. అన్న ఒడిలో పెట్టుకుని కడ్డీ జరిపాడు. రేడియోలోంచి పాటతో పాటు కీచుమని ఒక రొద వచ్చింది. మళ్లీ జరిపాడు, మళ్లీ అదే రొద. అన్న గిటార్‌ను బల్లమీద పెట్టి లేచాడు.

"పోదాం పా చెల్లె," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ క్షణంలోనే నేను దాచుకున్న బొమ్మలు కళ్లముందు కదిలాయి. వాయించే వాళ్లందరి ఎడమచేతి చివరి రెండు వేళ్లు కడ్డీ వెనక తీగల మీద ఆని ఉంటాయి. కడ్డీకి వెనకనున్న తీగ అదరకుండా ఆపేవి ఆ వేళ్లే. అన్నకు లేనివీ అవే. అదే చెప్పాను.

విఠల్‌రావు కాసేపు తల గోక్కున్నాడు. "జర కూసో తమ్మీ," అని, కొయ్యకున్న తన పాత రూమీ టోపీ తీసి కత్తెర వేశాడు. మందపాటి ఎర్రటి ఉన్నిముక్కను తోలుపట్టీకి కుట్టి, కడ్డీ వెనక తోకలా వేలాడేట్టు చేశాడు.

అన్న అయిష్టంగానే కూర్చున్నాడు. కడ్డీ జరిగింది, దాని వెంట ఎర్రతోక తీగలను నిమురుతూ జరిగింది. రొద లేదు. అమ్మ పాడే మంగళహారతి ఒకటి, తేనెలా సాగుతూ, దుకాణం దాటి రోడ్డు మీదికి పోయింది. టాంగాలు ఆగాయి. జనం గుమ్మం నిండా నిలబడ్డారు. అన్న కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు.

తన విలాయతీ గిటార్ బాగుచేయించుకోవడానికి వచ్చిన సికింద్రాబాదు బ్యాండు తెల్లదొర ఒకాయన మొత్తం విన్నాడు. "నా గిటార్ తీసుకుని మీది ఇస్తారా?" అని అన్నను హిందుస్తానీలో అడిగాడు.

అన్న తల అడ్డంగా ఊపాడు. "గిది నా చేతికి కుట్టిన అంగీ సాబ్. మీకు పట్టదు."

విఠల్‌రావు ఆ మాటను హిందుస్తానీలో దొరకు చెప్పి, నావైపు చూసి అన్నాడు: "ఆ తోక ఉపాయం నీదే అమ్మా. ఇగ నుంచి ఎవరన్న అడిగితే గట్లనే చెప్త."

మర్నాడు నాంపల్లిలో రైలెక్కాం. పెట్టెలో ఏముందని పక్కనున్నవాళ్లు అడిగారు. అన్నే తెరిచి చూపించాడు. వాయించమన్నారు. "కరెంటు లేంది దీని గొంతు శానా చిన్నగ ఉంటది," అన్నాడు అన్న.

"ఎంత చిన్నగున్నా ఇంటం," అంది ఒక ముసలావిడ.

అన్న గిటార్ ఒడిలో పెట్టుకున్నాడు. హైదరాబాదుకు పోయేవాళ్లు చార్మినార్ తప్పక చూస్తారు. ఆబిడ్స్‌లో ఆ చిన్న దుకాణం కూడా చూడండి. మన టేకుతో, మన మనుషుల చేతులు కొలిచి చేసిన గిటార్లు అక్కడున్నాయి. అలాంటిదొకటి ఆ రోజు మా రైలుపెట్టెలో, దోమ పాటంత సన్నగా మోగింది. వినడానికి జనం బీడీలు ఆర్పి, మాటలు ఆపి, ఒకరి భుజం మీదుగా ఒకరు వంగారు.