చెల్లె ఎత్తు బెల్లం

నేను కోతలరాయుణ్ణని అమీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. మా బర్రె పంజాగుట్ట కుంటను ఒక్క గుక్కలో తాగేసిందని నమ్మించినవాణ్ణి. ఇది మాత్రం కోత కాదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడే పాలు మరిచిన మా చెల్లెకు వానాకాలంలో జ్వరమొచ్చింది. తగ్గితే పిల్ల ఎత్తు బెల్లం సమ్మక్క తల్లికి ఇస్తానని నానమ్మ మొక్కింది. నాన్న నూలు తూచే తరాజులో ఒకవైపు చెల్లెను, మరోవైపు బెల్లం ముద్దలను పెట్టి సరితూచారు. ఆ బెల్లాన్ని మూటగట్టి దూలానికి వేలాడదీశారు. జ్వరం దిగింది, పథ్యం దిగలేదు. నానమ్మ గంజి తప్ప ఏదీ పెట్టనివ్వలేదు. పాలు కఫమట, పప్పు వేడట.

చలికాలం చివర జాతరకు బండి కట్టారు. బయల్దేరబోతూ మళ్ళీ తూచారు. మూట దభీమని కిందికి దిగింది, చెల్లె పైకి లేచింది. నేను కాలు పట్టుకోకపోతే బంజారా గుట్టల మీదుగా ఎగిరిపోయేదే.

నానమ్మ చేతులు జోడించింది. "సూసినవా కోడలా! తల్లికి దయ గలిగింది. మొక్కు తగ్గించింది."

అంటూనే మూటలోంచి రెండు ముద్దలు తీసి పక్కన పెట్టింది. వాకిట్లో ఉన్నవాళ్ళంతా దండం పెట్టారు. ఎంతమంది పెద్దమనుషులో! ఒక్కరైనా పిల్ల మొహం చూస్తేనా?

"తగ్గింది మొక్కు గాదత్తా, నా బిడ్డ!" అంది అమ్మ.

"జర ఊకో," అన్నాడు నాన్న.

ఏనాడూ నాన్న ఎదుట గొంతెత్తని మనిషి గిర్రున తిరిగింది. "నూలు తులం తగ్గితే బజారంత లేపుతవు. బిడ్డ తగ్గితే ఊకోవాల్నా?"

పిల్లను చంకనేసుకుని పంజాగుట్ట దవాఖానకు నడిచింది. వెనకే నేను. డాక్టరు చెల్లె చేతులు పట్టి చూసి, "జరం ఎప్పుడో పోయింది. అన్నం పెడ్తలేరా అమ్మా?" అన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ పాలు కాచింది. నానమ్మ తీసిపెట్టిన ముద్ద చిదిమి పాలల్లో వేసింది.

నానమ్మ బండి దగ్గర్నుంచి ఉరికొచ్చింది. "తల్లి బెల్లం ఎంగిలి జేస్తవా?"

"తల్లి తగ్గించిందని నువ్వే అంటివి గదత్తా!"

బండి మేమూ మొక్కు మూటా లేకుండానే పోయింది. ఆనాటి నుంచి నెలనెలా చెల్లెను తరాజులో కూర్చోబెట్టేది అమ్మ. చెల్లె ఉన్న పల్లెం కిందికి దిగినప్పుడల్లా మొక్కు మూటలో మరో ముద్ద వేసేది. బెల్లం ధర గురించి నాన్న గొణిగాడో, అమ్మ చూసే చూపుకు నూలు కట్టల వెనక్కి పోయి నక్కేవాడు.