గంగారాం దిగిన జొన్న పాతర

మా చిన్నప్పుడు... మా పెరట్లో జొన్న పాతర తీసిన రోజది. మాది కోటగిరి పక్కన ఒక పల్లె. రెండు నిలువుల లోతు బొంద తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేవారు. అదే పాతర. నాకప్పుడు పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి.

పాతర తీయడానికి ఒక పద్ధతి ఉండేది... బండ ఎత్తిన రోజు ఎవరూ దిగకూడదు. మర్నాడు కందిలి వెలిగించి తాడుతో లోపలికి దించాలి. ఆ దీపం ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి.

ఆ రోజు బాపు, అంటే మా నాన్న, పని మీద నిజామాబాదు పోయాడు. పెత్తనమంతా బాపు తమ్ముడిది, మా చిన్నబాపుది. ఈయనగారు హైదరాబాదులో పీయూసీ రెండుసార్లు తప్పి వచ్చిన మేధావి... టెరిలీన్ షర్టు, చేతికి గడియారం, నోరు తెరిస్తే సైన్సు. జొన్నల కోసం బోధన్ నుంచి బండి వచ్చి నిలబడింది. బండ ఎత్తి అరగంట కాలేదు, గంగారాంను దిగమన్నాడు. గంగారాం మా జీతగాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"పాతర ఊపిరి ఇడువాలె బిడ్డా... రేపు దింపుదాం" అంది అవ్వ.

"గీ మూఢనమ్మకాలతోనే దేశం ఖరాబైంది" అన్నాడు. దేశం ఈయన భుజాల మీదే నడుస్తున్నట్టు!

అవ్వ ఊరుకోలేదు. కందిలి తెచ్చి దించింది. ఆ ఏడు పాతర సగమే నిండింది... కందిలి జొన్నల దాకా పోకముందే పుటుక్కున ఆరిపోయింది.

"గాలికి ఆరింది" అన్నాడు చిన్నబాపు. బొందలో గాలి వీచిందట... ఆ తలకాయతో ఇరవైసార్లు రాసినా పీయూసీ గట్టెక్కేది కాదు.

నాకు బడిలో చూసింది గుర్తొచ్చింది. పది రోజుల ముందే మా సైన్సు టీచరమ్మ మొలకెత్తిన పెసలు ఫ్లాస్కులో పోసి, థర్మామీటరు పెట్టి చూపించింది. మర్నాటికి లోపల వేడెక్కింది. గింజ బతికే ఉంటుందని చెప్పింది. మనం తిన్న రొట్టెను మన ఒంట్లోని కణాలు ప్రాణవాయువుతో కలిపి, మంట లేకుండా, కొంచెం కొంచెంగా శక్తిగా మార్చుకుంటాయి... గింజ కూడా తనలోని పిండితో అదే పని చేస్తుంది. అప్పుడు వేడి పుడుతుంది, బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది. చెమ్మ తగిలితే ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది. ఆ ఏడు వానలకు మా పాతరలోకి చెమ్మ దిగింది. నెలల తరబడి మూసిన బొందలో గింజలన్నీ ప్రాణవాయువును వాడేసుకుని, గాలి కన్నా బరువైన ఆ వాయువును నింపి పెట్టాయి.

"చిన్నబాపూ, గింజలు ఊపిరి తీస్తయట... లోపల మంచి గాలి లేదు" అన్నాను.

"గింజలకు ముక్కులున్నయానే?" అని పకపకా నవ్వాడు. బండివాడూ నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను... అరిచి గోల చేయాల్సింది. ఇప్పటికీ నా మీద నాకే కోపం.

గంగారాం ఒక్కసారి అవ్వ వైపు చూశాడు. జీతగాడు, కాదంటే కుదురుతుందా? నడుముకు తాడు కట్టందే అవ్వ మాత్రం కదలనివ్వలేదు.

దిగాడు. జొన్నల మీద కాలు ఆనిందో లేదో, "అవ్వా... కండ్లు తిరుగుతున్నయి" అన్నాడు. అంతే, మాట ఆగిపోయింది. తాడు బరువెక్కింది.

లాగింది ఎవరనుకున్నారు? అవ్వ, గంగారాం భార్య పోశవ్వ, బండివాడు, నేను. మా మేధావి "ఏమైంది... ఏమైంది" అంటూ అటూ ఇటూ తిరిగాడు. పైకి తీసేసరికి గంగారాం పెదాలు నల్లబడ్డాయి. పోశవ్వ గుండెలు బాదుకుంది. ముఖాన నీళ్లు కొట్టి, వీపు రుద్దగా రుద్దగా... ఎప్పటికో ఒక పెద్ద ఊపిరి తీశాడు. ఆ చప్పుడు వినగానే నేను భోరున ఏడ్చేశాను.

అప్పుడు చిన్నబాపు ఏమన్నాడో తెలుసా? "కల్లు తాగి దిగిండు."

"పొద్దటి సంది మంచినీళ్లు సుత ముట్టలె పటేలా" అంది పోశవ్వ.

అవ్వ ఆ తాడు తెచ్చి కొడుకు కాళ్ల ముందు పడేసింది. "గాలి మంచిగనే ఉన్నది గద... నువ్వు దిగు."

ఆయన తన షర్టు చూసుకున్నాడు. "బట్టలు ఖరాబైతయి" అన్నాడు. థూ!

మర్నాడు కందిలి ఆరలేదు. దిగి జొన్నలు ఎత్తింది మళ్లీ గంగారామే.

ఇంకా వినండి... ఆ తర్వాత చిన్నబాపు పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, నలుగురు కూడిన ప్రతి చోటా చెప్పుకునేవాడు. "పాతరల పడ్డోణ్ని నేనే గుంజి బతికించిన" అని. గంగారాం ఎదుటే చెప్పేవాడు. గంగారాం తలవంచుకుని "అవు పటేలా" అనేవాడు.

ఇప్పుడు పాతరలు లేవు... మా బొంద పూడ్చి గచ్చు చేసేశారు. జొన్నలు కిలోల్లెక్కన కొనుక్కుంటున్నాం. అవ్వ లేదు, గంగారామూ లేడు. తాము ఒడ్డున నిలబడి ఇంకొకరిని దింపే మేధావులకు మాత్రం కరువు రాలేదు... ఇప్పుడు సెప్టిక్ ట్యాంకుల దగ్గర కనిపిస్తున్నారు. మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. ఆ కథ మీరూ రాయండి... ఆయన పేరు అక్కర్లేదు, దిగిన మనిషి పేరు రాయండి.