విప్పని అట్టపెట్టె

హైదరాబాద్ నుంచి దేవరకొండ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె పేరు నేను అడగలేదు. ఆమె కాళ్ల దగ్గరున్న అట్టపెట్టె మాత్రం ఇంకా గుర్తుంది. దాన్ని తాళ్లతో బిగించి, పైన పెద్ద అక్షరాలతో భర్త పేరు, గల్ఫ్‌లోని ఒక ఊరి పేరు రాశారు. ఒడిలో ఆరేళ్ల కూతురు నిద్రపోతోంది.

"సెలవులకు వస్తున్నారా?" అడిగాను.

"లేదక్కా, వాపసు పోవాల్సినోళ్లం. ఎయిర్‌పోర్ట్ కాడికి పొయినంక మా ఆయన ఫోన్ జేసిండు, ఎక్కొద్దని. ఆడ సర్కారు మారింది. ఫ్యామిలీల అకామా ఉంచుతరో తీసేస్తరో ఎవ్వలకు ఎరుక లేదు. దిగినంక ఎనుకకు పంపితే ఏం జేస్తం?"

అకామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి. పాప పుట్టింది అక్కడేనట. ఆ మాటలు చెప్పిచెప్పి విసిగిపోయినట్టుంది ఆమె గొంతు.

బస్సు కుదుపులకు ఒక తాడు వదులైంది. "విప్పి మళ్లీ కట్టుకోండి" అన్నాను.

"వద్దక్కా. పయనానికి కట్టిన పెట్టె ఇప్పితే పయనమే ఆగుతదంటది మా అత్త." ముడి మాత్రం బిగించింది.

"లోపల తినేవేమైనా ఉంటే పాడైపోవూ?"

"సకినాలు పోతే పోనీ. పాప బడి బూట్లున్నయి. ఆడ బడి తెరుస్తరని కొన్న."

కొండమల్లేపల్లి దగ్గర పాప నిద్రలోనే కాళ్లు చాపింది. ఆమె పాప చెప్పు ఒకటి తీసి, ఆ పాదాన్ని జానతో కొలిచింది. పెట్టె వైపు చూసి మళ్లీ కొలిచింది.