నేను గీసిన గోల్ లైను

నేను గీసిన లైను వంకరన్నారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కువైట్‌కు రాకముందు నేను బేల్దారి మేస్త్రీని. రాయచోటి చుట్టుపక్కల నేను కట్టిన గోడలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటి ఒరిగిందన్న మాట ఇంతవరకూ వినలేదు. ఇక్కడ కూడా మొదట్లో ఇళ్ళే కట్టాను. మోకాళ్ళు అరిగాక ఒక ప్రైవేటు కాలేజీలో ఫుట్‌బాల్ గ్రౌండు చూసుకునే పని దొరికింది. ఫర్వానియాలో రూము, పొద్దున్నే కంపెనీ బస్సు, సాయంత్రం దాకా గడ్డి. సులైబియా తోటల నుంచి చాపల్లా చుట్టి తెచ్చిన ఆ గడ్డిని పరిచింది నేనే. నీళ్ళు పట్టేదీ, కోసేదీ, మ్యాచ్ రోజు పొద్దున రంగు పోసిన చక్రాల బండితో తెల్ల లైన్లు గీసేదీ నేనే.

లైను గీయడంలో నా పద్ధతి గోడ పద్ధతే. రెండు చివర్లా మేకులు దిగ్గొట్టి, నైలాను దారం బిగించి, దాని వెంబడే బండి నడపాలి. గీశాక దారం వెంటనే విప్పను. ఇల్లు కట్టేటప్పుడు ఇంటాయన వచ్చి, చూసి, సరేనన్నాకే దారం విప్పాలని నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. ఇక్కడ ఇంటాయన ఎవరు? కోచ్‌కు అంత తీరిక ఉండదు. అందుకని టీమ్ కెప్టెన్‌ను పిలిచి చూపించేవాణ్ణి. గోల్‌కీపర్ కూడా ఆ అరబ్బు కుర్రాడే. దారం పక్కన బూటు ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "తమామ్" అని బొటనవేలు ఎత్తేవాడు. అప్పుడు విప్పేవాణ్ణి.

సీజన్ అక్టోబరులో మొదలైంది. మొదటి మూడు మ్యాచ్‌లూ మా కాలేజీవాళ్ళు ఓడారు. గడ్డి పెరిగిపోయిందన్నాడు కోచ్. కోశాను. మరీ పొట్టిగా కోశావన్నాడు. మూడోసారి నీళ్ళు ఎక్కువయ్యాయన్నాడు. డిసెంబరు నుంచి వరసగా గెలవసాగారు. ఇక గడ్డి ఊసే లేదు. గెలిస్తే కోచ్ తెలివి, ఓడితే నా గడ్డి. అయినా వాళ్ళు గెలిచిన రోజుల్లో నేనూ సంతోషించాను, దాచడమెందుకు? నా గడ్డి మీదే కదా పరిగెత్తింది.

చివరి లీగ్ మ్యాచ్ ఫిబ్రవరిలో మా గ్రౌండులోనే జరిగింది. డ్రా అయినా చాలు, సెమీఫైనల్‌కు వెళ్తారు. నేను కార్నర్ జెండా వెనక కూర్చుని చూస్తున్నాను. ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా అవతలివాళ్ళు కొట్టిన బంతి ఎడమ పోస్టుకు తగిలి లోపలికి దొర్లింది. కెప్టెన్ వెనక్కి పడి దాన్ని బయటికి లాగేశాడు. లైన్స్‌మన్ జెండా ఎత్తాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు. ఇచ్చింది న్యాయమే. బంతికీ లైనుకూ మధ్య పచ్చగా గడ్డి కనిపించింది నాకు. ఆ ఒక్క గోల్‌తో ఓడారు.

ఆడలేక మద్దెల ఓడన్నదట. కోచ్‌కు తెలుగు రాదు గానీ ఆ సామెత మాత్రం బాగా వచ్చు.

మర్నాడు పొద్దున మా పనివాళ్ళ సూపర్‌వైజర్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఆయనదీ రాయచోటే, నాకన్నా చిన్నవాడు, అరబ్బీ చదువుతాడు.

"అన్నా, ఈడొక సంతకం పెట్టు."

"ఏం రాసినారు భాయ్ అందులో?"

"మామూలు కాయితమేలే."

ఈ దేశానికొచ్చిన కొత్తలో ఎన్ని అరబ్బీ కాగితాల మీద సంతకాలు పెట్టానో నాకే తెలియదు. ఏం ఒప్పుకున్నానో, ఏం వదులుకున్నానో అంతకన్నా తెలియదు. ఆ రోజు మాత్రం ఎందుకో పెన్ను అందుకోలేదు. "చదివి చెప్పు. చెప్పకుంటే పెట్టను" అన్నాను.

ఆయన కాసేపు నసిగి చదివాడు. ఎడమ పోస్టు దగ్గర గోల్ లైను నాలుగు వేళ్ళు గ్రౌండు వైపుకు వంగిందట. సరిగ్గా గీసి ఉంటే ఆ బంతి లైను దాటేది కాదట. తప్పు నాదేనని నేనే ఒప్పుకుంటున్నానట. అది లీగ్ వాళ్ళకు పంపిస్తే మ్యాచ్ మళ్ళీ పెడతారని వాళ్ళ ఆశ.

"పెట్టన్నా. నీకేం పోతాది? ఒక వార్నింగు ఇస్తారు, అంతే."

"పేరు పోతాది భాయ్. ముప్పై ఏండ్లు దారం పట్టినోన్ని."

"పేరు పెట్టుకోని ఏం చేస్తావన్నా? వచ్చే నెల నీ ఇఖామా రెన్యువల్ ఉండాది. అది చూసుకో."

భయం వేసింది. ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, అది కొట్టకపోతే ఇంటికి పోవాలి. ఈ మోకాళ్ళతో అక్కడ నన్ను గోడ ఎక్కించేదెవరు? కానీ భయం కన్నా కోపమే ఎక్కువైంది. బెదిరింపులు ఇక్కడ కొత్త కాదు. ఒక్కడు కూడా వచ్చి చూడకుండానే నా పనిని వంకర అని కాగితమెక్కించారే, అది మింగుడుపడలేదు.

"కోచ్‌ను పిలువు. దారం కడతా. వంకరుంటే పది కాయితాల మీద పెడతా" అన్నాను.

మధ్యాహ్నం కోచ్ వచ్చాడు, వెంట కెప్టెన్. నేను ఆ మూల నుంచి ఈ మూల దాకా దారం బిగించాను. తెల్ల రంగు అంచు, దారం ఒకదాన్నొకటి ఎక్కడా వదల్లేదు. కోచ్ ఎడమ పోస్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. చివరికి దారం వదులుగా ఉందన్నాడు. వేలితో మీటి చూడమన్నాను. మీటాడు. టంగుమంది.

కెప్టెన్ వైపు తిరిగాను. "మ్యాచ్‌కు ముందు నువ్వే చూశావు కదా, చెప్పు" అన్నాను నాకొచ్చిన అరబ్బీలో. అతను తన బూట్లు చూసుకున్నాడు. కోచ్ ప్యాంటుకంటిన గడ్డి దులుపుకుని "ఖలాస్" అని వెళ్ళిపోయాడు. సూపర్‌వైజర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తప్పయిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

నాలుగు రోజుల తర్వాత నేను నీళ్ళు పడుతుంటే కెప్టెన్ ఒంటరిగా వచ్చాడు. లైను బాగుందని, బంతి దాటిందని తనకు తెలుసునన్నాడు. "ఆ మాట అక్కడ చెప్పాల్సింది" అని పైపు ఇంకో పక్కకు తిప్పుకున్నాను. నిజానికి కోచ్ కన్నా అతని మీదే నాకెక్కువ కోపం. కోచ్ చూడకుండా అన్నాడు. ఇతను చూసి కూడా నోరు కట్టుకున్నాడు.

ఇఖామా కొట్టారు. కానీ ఎండాకాలంలో ఏదో కంపెనీ వాళ్ళొచ్చి నా గడ్డి మొత్తం పీకేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. దాంట్లోనే తెల్ల లైన్లు కుట్టి వచ్చాయి. ఇక దారంతో పని లేదని నన్ను మెట్లు తుడిచే పనికి మార్చారు.

ఒకరోజు అన్నం వేళ గ్రౌండు ఖాళీగా ఉంటే ఆగలేక వెళ్ళి దారం కట్టాను. ఎడమ పోస్టు దగ్గర గోల్ లైను రెండు వేళ్ళు గ్రౌండు వైపుకు వంగి ఉంది. సూపర్‌వైజర్‌ను పిలిచి చూపించాను. ఆయన వంగి చూశాడు, దారం విప్పేయమని సైగ చేశాడు.

"కంపెనీ వాళ్ళు ఏసిందిలే అన్నా" అన్నాడు.

వాళ్ళ దగ్గరికి ఎవరూ ఏ కాగితమూ పట్టుకెళ్ళలేదు.