రేకు పాఠం, చివరి బల్ల

మా లోహశాస్త్రం మేడం పోయారన్న కబురు మునగాల దగ్గర వచ్చింది. నేను కోదాడలో వాళ్లింటికే వెళ్తున్నాను. ఆమె రాయమన్న పాఠం పూర్తయింది, చదివి వినిపించాలి. బస్సు ధాబా ముందు ఆగి ఉంది. ఫోన్‌లో క్లాస్ గ్రూపు తెరిస్తే ఒక్క వాక్యం. ఒళ్లో కాగితాలు అట్లాగే ఉన్నాయి.

సూర్యాపేట పాలిటెక్నిక్‌లో ఆమె పాఠం ఇంగ్లిష్‌లో మొదలయ్యేది. వేములపల్లి లాంటి ఊళ్ల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన మా ముఖాలు చూడగానే తెలుగులోకి దిగేవారు. మాలో ఎవరైనా బోర్డు దగ్గర నిలబడి మాట్లాడాలంటే ఆమె లేచి వెళ్లి చివరి బల్ల మీద కూర్చునేవారు. ఎవరైనా "ఇది మంచి స్టీలు" అన్నారంటే వెనక నుంచి ఒకటే మాట: "దేనికి?"

ఒకసారి క్యాంటీన్ సమోసా మంచిదన్న మా వాడినీ అదే అడిగారు. "ఆకలికి మేడం" అన్నాడు వాడు. "ఇగ నువ్వు పాస్" అన్నారు.

నేను కథలు, కవితలు చదవడంలో పడ్డానని ఆమెకు ఎట్లా తెలిసిందో. స్ట్రిప్ కాస్టింగ్ గురించి జూనియర్లకు తెలుగులో రాయమన్నారు. "మాటల పిచ్చి పట్టింది గదా, జర మందికి పనికొచ్చేటట్టు పట్టించుకో."

రాశాను. మామూలుగా రేకు చేయాలంటే ముందు మందపు దిమ్మె పోస్తారు. దాన్ని కాల్చి, రోలర్ల మధ్య మళ్లీ మళ్లీ నలిపి పలచన చేస్తారు. స్ట్రిప్ కాస్టింగ్‌లో దిమ్మె ఉండదు. నీళ్లతో చల్లబరిచే రెండు రోలర్లు తిరుగుతుంటే, వాటి నడుమ కరిగిన ఉక్కు పోస్తారు. కింద నుంచి రేకే వస్తుంది. నలుగుడు పడ్డ రేకులో లోహపు రేణువులు ఒక వైపుకు తిరిగిపోతాయి, ఇరుకు సందులో తోలిన మా నాయన గొర్ల మందలాగా. ఇక్కడ మాత్రం రెండు రోలర్ల దిక్కు నుంచి వరి నారులా లేచి నడుమ కలుసుకుంటాయి.

"గొర్లకు, ఉక్కుకు పోలికేంది బిడ్డా" అని నవ్వి, "ఉండనీ, పిల్లలకు యాదికుంటది" అన్నారు.

తర్వాత ఆమె సెలవు పెట్టారు. దవాఖాన నుంచి ఫోన్ చేశారు. గొంతు సన్నబడింది. "సగమే రాసినవ్. ఎట్ల పుట్టిందో చెప్పినవ్. ఆ పుట్టుక దాని గుణంల ఎట్ల మిగిలిందో చెప్పలే. రాసుకొని రా, వింట."

ఆ మిగతా సగం రాయడానికి ల్యాబ్ కిటికీలోని గిన్నె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గుండ్రంగా కోసిన రేకును లోతుగా నొక్కి ఆమే చేయించిన గిన్నె అది. అంచు సమంగా రాలేదు, నాలుగు చోట్ల పైకి లేచింది. రేణువుల వరస రేకులో దాగి ఉంటుందనీ, వంచినప్పుడు బయటపడుతుందనీ చూపడానికి దాన్ని పారేయనివ్వలేదు. సుద్దముక్కలు అందులోనే వేసేవారు.

కోదాడలో వాళ్ల గుమ్మం ముందు చెప్పుల మధ్య నిలబడ్డాను. చదివితే వినడానికి ఆమె లేరు. ఏ మాటకు ఆగేవారో, ఏ మాట కొట్టేయమనేవారో ఇప్పటికీ ఊహించుకుంటున్నాను. మొన్న ల్యాబ్‌లో జూనియర్లకు ఆ సగం కూడా చదివాను. స్ట్రిప్ కాస్టింగ్‌లో పుట్టిన రేణువుల వరసను తర్వాతి పనిలో కాపాడుకుంటే, అయస్కాంత శక్తి ఆ రేకులో సులువుగా నడుస్తుందనీ, మోటారు లోపలి రేకులకు అది వరమనీ. లోతైన గిన్నెలకు మాత్రం మళ్లీ మళ్లీ నలిగితే వచ్చే వేరే వరస కావాలనీ, అది చాలకపోతే రేకు చిరగొచ్చనీ.

"అయితే ఇది మంచి రేకేనా అక్కా?" అని ముందు వరసలోని పిల్ల అడిగింది.

వెనక నుంచి ఆ ఒక్క మాట వస్తుందేమోనని తలెత్తి చూశాను. కిటికీలోని గిన్నె నీడ, ఎగుడుదిగుడు అంచుతో, ఖాళీ చివరి బల్ల మీద పడి ఉంది.