రత్నమ్మ మేడం పటాలకు కట్టిన ఖరీదు

మొన్న విద్యానగర్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణం ముందు నిలబడితే, లోపల చింతగింజల జిగురు ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ వాసన ఇంకెవరికి ఏం గుర్తు చేస్తుందో తెలియదు. నాకు మాత్రం చెవులు వేడెక్కేంత కోపం వచ్చింది. బొమ్మల పటం గుడ్డకు పూసేది ఆ జిగురే. అది నాకు మొదట పరిచయమైంది తార్నాకలో, రత్నమ్మ మేడం ఇంట్లో.

అరవైల చివర నేను ఎం.ఏ. చదువుతూ క్యాంపస్ హాస్టల్లో ఉండేదాన్ని. ఆమె మాకు చరిత్ర చెప్పేవారు. జనగామ వైపు పల్లెలో చర్చి బడిలో చదువుకుని అంతదాకా వచ్చిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల పోర్షన్‌లో ఒక గది ఆమెది, రెండోది పటాలది. ఊరూరా కులపురాణాలు చెప్పేవాళ్లు కథ నడిచేకొద్దీ విప్పుకుంటూ పోయే బొమ్మల చుట్టలు అవి. పాతబడి చిరిగితే వాటికి పూజ చేసి నదిలో కలిపేస్తారు. అలా కలిపేయబోయేవాటిని మేడం సెలవుల్లో బస్సులెక్కి వెళ్లి, కాళ్లావేళ్లా పడి అడిగి తెచ్చుకునేవారు. ఎవరికీ అమ్మనని, పానం లెక్క చూసుకుంటానని మాటిచ్చి తెచ్చినవి పదకొండు. ఒకసారి నేల మీద పరిచిన పటం మీదుగా నేను దాటబోతే చెయ్యి పట్టి ఆపారు. "మీ అయ్య లెక్క నాగలి పట్టినోళ్లు నీ పుస్తకాల్ల యాడన్న ఉన్నరా? గీడ ఉన్నరు. కూసొని చూడు." కూర్చున్నాను. రైతుబిడ్డనని చెప్పుకోవడానికి క్లాసులో సిగ్గుపడే అలవాటు ఆ రోజుతో పోయింది.

ఒక వానాకాలం పక్క పోర్షన్ తాళం పగలగొట్టి దొంగలు పడ్డారు. అదే వారం పటాల గది కప్పు కారింది. మేడం రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి వెళ్లారు. అక్కడి ఆఫీసరు నగలా, తివాచీలా అని అడిగి, పటాలని చెప్పగానే కలం కింద పెట్టాడు.

"బిల్లులు ఉన్నయా మేడం?"

"నదిల పోయేటియి ఆపి తెచ్చిన. నది బిల్లిస్తదా?"

అతను నవ్వాడు గానీ మంచివాడే. "మీ మాట మీద నాకు భరోసా ఉన్నది. కానీ చోరీ అయినా, తడిసినా కంపెనీ జవాబు చెప్పాలంటే, గివి తెలిసినాయన ఒకరు ఖరీదు రాసియ్యాలె."

అలా రాయగలవాడు మా డిపార్టుమెంటు హెడ్డు ఒక్కడే. ఒక ఆదివారం పొద్దున వచ్చాడు. (అతనికి 'గారు' తగిలించడం నాకు ఇప్పటికీ చేతకాదు.) గంటన్నర సేపు మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పెట్టి ఒక్కో బొమ్మా చూశాడు. వీటిలో అన్నిటికన్నా పాతవి ఏవని రెండుసార్లు అడిగాడు. వారం తర్వాత అతని ఉత్తరం వచ్చింది. 'జీర్ణావస్థలో ఉన్న పాత గుడ్డలు. విలువ కట్టదగినవి కావు.' ఇన్సూరెన్సు ఆఫీసరు అది చదివి, దరఖాస్తు తిరిగిచ్చేశాడు.

మేడం హెడ్డు గదికి వెళ్లి అడిగారు. "గంటన్నర మోకాళ్ల మీద కూసొని చూసిండ్రు గద సార్, గుడ్డలనా?"

"అఫీషియల్‌గా రాసేటప్పుడు జాగ్రత్తగా రాయాలమ్మా. అంత భయమైతే డిపార్టుమెంటు బీరువాలో పెట్టండి. ఇనుప బీరువా. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

మేడం ఒప్పుకోలేదు. ఒప్పించింది నేను. ఇల్లు కారుతోందని, దొంగల భయమని, అక్కడైతే భద్రమని వారం రోజులు చెవినిల్లు కట్టుకుని పోరాను. చివరికి రిక్షాలో ఆ చుట్టలను ఒళ్లో పెట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చాం.

వేసవి సెలవులయ్యాక బీరువా తెరిస్తే ఏడే ఉన్నాయి. పోయినవి నాలుగూ అన్నిటికన్నా పాతవి. హెడ్డు ఇంటికొచ్చిన విదేశీ అతిథుల కారులో చుట్టల మూట పెట్టానని అటెండరు మాతో చెప్పాడు. పోలీసుల ముందు మాత్రం నోరు విప్పలేదు. పోయిన సొత్తు విలువెంతని ఎస్సై అడిగితే, హెడ్డు సొరుగులోంచి తన ఉత్తరం నకలు తీసి చూపించాడు. "విలువలేని గుడ్డలండీ. చెదలు తినుంటాయి." ఇనుప బీరువాలో చెదలు! ఎస్సై టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు వరండాలో, క్లాసులన్నీ వింటుండగా, ఎన్నడూ గొంతు పెంచని రత్నమ్మ మేడం అతన్ని 'నువ్వు' అన్నారు. "దొంగతనానికి ముందుగాల్నే రసీదు రాసి పెట్టుకున్నవ్! థూ, నువ్వొక సారువా?" ఆ మాట అన్నందుకు ఆమె రీడరుగా ప్రమోషన్ రాకుండానే రిటైరయ్యారు.

ఆ వారమే మేడం, పోయిన పటాల్లో ఒకటిచ్చిన మల్లయ్య తాత ఊరికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. "చెప్పకపోతే ఆయనకు తెల్వది గద మేడం" అన్నాను. "నాకు తెలుసు గద" అన్నారు. తాత అంతా విన్నాడు. ఒకటే మాట అడిగాడు. "గంగల ఏస్తే గంగకు పోతుండె. ఇప్పుడు ఎవ్వనికి పోయింది బిడ్డా?"

"తెల్వది తాతా. దొరికేదాంక అడుగుత."

పటాలు బీరువాలో పెట్టమని పోరింది ఎవరో ఆమె ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. తిరుగు బస్సులో ఏడుస్తూ తప్పు నాదేనన్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూనే అన్నారు. "నువ్వు తాళాన్ని నమ్మినవ్. తాళం పట్టినోనిది తప్పు. ఏడుపు ఆపు. కోపం ఉంచుకో, పనికొస్తది."

ఆమె పోయాక, ఆమె కోరినట్టే మిగిలిన ఏడు పటాలను ఇచ్చినవాళ్ల ఇళ్లకు చేర్చాను. హెడ్డు దండలు వేయించుకుని రిటైరై, సుఖంగా చచ్చిపోయాడు. పోయినవాడి మీద ఇంకా ఏం కోపమని మా వాళ్లు నన్ను మందలిస్తారు. నాలుగు పటాల బొమ్మలు, కథలు, ఇచ్చినవాళ్ల పేర్లు రాసి మేడం బతికున్నన్నాళ్లు విదేశీ మ్యూజియాలకు ఉత్తరాలు పంపారు. ఆ ఫైలు ఇప్పుడు నా దగ్గరుంది. ఏటా నేనూ ఒకటి రాస్తున్నాను, ఇప్పుడు మనమరాలి సాయంతో. ఈ ఏటి ఉత్తరం నిన్ననే పోస్టు చేశాను.